కురిడీ షెడ్డుకి తలుపులు: తుఫాను రాత్రి నుంచి శివరాత్రి దాకా

అక్టోబరు 28, మంగళవారం రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నరసాపురానికీ మాకూ మధ్య ఉన్నది వశిష్ఠ గోదావరి ఒక్కటే. రాత్రి పదకొండు దాటాక గాలి రెట్టింపయింది. మా ఆయన మస్కట్‌లో ఉంటారు. ఇంట్లో మా అత్తగారు, మా అమ్మాయి, నేను. ముగ్గురం నడింట్లో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. పెరట్లోంచి ముందు వేపచెట్టు కూలిన చప్పుడు వినిపించింది. ఇంకో పావుగంటకి చెక్క విరిగిన చప్పుడు. "షెడ్డు తలుపేనే" అన్నారు అత్తగారు. ఆ గాలిలో బయటికి వెళ్లే దారి లేదు. తెల్లవార్లూ ఆ తలుపు గోడకేసి కొట్టుకోవడం వింటూనే ఉన్నాం.

ఆ షెడ్డులో మా ఏడాది సంపాదన ఉంది. పది నెలలుగా అటక మీద ఆరుతున్న కురిడీ, అంటే లోపలి కొబ్బరి ఎండేదాకా పీచుతోనే ఆరబెట్టే కొబ్బరికాయ, దాదాపు 3,000 కాయ. అటక నిండిపోయి ఇంకో 600 కాయ కింద పలకల మీద పోగేశాం. కురిడీకి చెమ్మ తగిలిందంటే అంతే, పీచుకి పట్టిన బూజు కన్నుల్లోంచి లోపలికి దిగుతుంది. మా షెడ్డు తలుపులది తూర్పు ముఖం. ఆ రాత్రి వాన తూర్పు నుంచి అడ్డంగా కొట్టింది.

పొద్దున్న చూస్తే ఎడమ రెక్క పది అడుగుల అవతల కొబ్బరి పాదులో బోర్లా పడి ఉంది. కుడి రెక్క పై బందుకి వేలాడుతోంది. కింద పోగేసిన కాయంతా తడిసింది. రెండు యూరియా బస్తాలు నీరు పట్టి ముద్దయిపోయాయి. అటక మీది కాయ దక్కింది, అదొక్కటే ధైర్యం. తడిసిన కాయని తర్వాత అంబాజీపేట వ్యాపారి ఒకాయన సగం ధరకి తీసుకున్నారు. తీసుకోవడమే గొప్ప అనుకున్నాను.

కరెంటు నాలుగో రోజు వచ్చింది. ఈలోగా ఆ పడిపోయిన రెక్కని తిరగేసి చూశాను. నాకు కనువిప్పు అక్కడే అయింది. బయటి వైపు ఆకుపచ్చ రంగు నిగనిగలాడుతోంది. నిరుడే వేయించాం. అడుగు అంచు మాత్రం వేలితో నొక్కితే తడిసిన అటుకుల్లా రాలిపోయింది. ఆ అంచుకి పుట్టినప్పటి నుంచీ రంగు తగల్లేదు. తలుపు బిగించాక రంగు వేస్తారు కాబట్టి కింది అంచుకి బ్రష్షు వెళ్లదు. ద్వారబంధం కాళ్లు కూడా అంతే. నేలలోకి దిగిన జానెడు మేర లోపల గుల్ల, పైన రంగు. గాలి ఆ తలుపుని ఊడదీసింది గానీ, అప్పటికే ఏళ్ల తరబడి అడుగు నుంచి నీరు పీల్చి పీల్చి అది చచ్చి ఉంది.

అసలు కష్టం వడ్రంగి దొరకడం. తుఫాను తర్వాత చుట్టుపక్కల అందరికీ తలుపులూ, కిటికీలూ, పాకలూ పోయాయి. మాకు ఎప్పుడూ పనిచేసే మేస్త్రీగారికి నవంబరు 1న ఫోన్ చేస్తే "పదిహేడో తారీకు దాకా ఊపిరాడదమ్మా" అన్నారు. అప్పటిదాకా గుమ్మానికి నీలం టార్పాలిన్ కట్టి, అడుగున ఇటుకలు పేర్చాను. రాత్రి గాలి వేసినప్పుడల్లా అది టపటపమంటుంటే నాకు నిద్ర ఉండేది కాదు. రెండుసార్లు టార్చి పట్టుకుని వెళ్లి చూసొచ్చాను.

కూలిన వేపచెట్టుని చూసి నాకో ఆలోచన వచ్చింది. వేప చేదు, పురుగు పట్టదు, చెదలు తొందరగా రావు, పైగా మన చెట్టే. నవంబరు 9న మిల్లుకి తోలించి పలకలు కోయించాను. అక్కడ కూడా పడిపోయిన చెట్లే, మా వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. కొట్టించడం, తోలించడం, కోత కలిపి 3,200 అయింది.

మేస్త్రీగారు 17న వచ్చి ఆ పలకల మీద అరచెయ్యి పెట్టారు. "పచ్చికర్రమ్మా ఇది. ఇంకా నీళ్లు ఊరుతున్నాయి. కనీసం ఏడాది నీడన ఆరాలండి. అప్పుడు ముట్టుకోవాలి."

"అప్పటిదాకా టార్పాలినేనా మేస్త్రీగారూ? నా కాయ ఏమైపోవాలి?"

"చెయ్యమంటే చేస్తానండి. తర్వాత నన్ను అనకూడదు."

చెయ్యమన్నాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆయన చెప్పింది వినబడలేదని కాదు. ఆ టార్పాలిన్ చప్పుడు అంతకంటే గట్టిగా వినబడుతోంది నాకు.

ఏడు రోజుల పని, రోజుకి 1,100. నవంబరు 24న తలుపులు నిలబడ్డాయి. కొత్త వేప వాసన, మీద ఆకుపచ్చ రంగు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. టార్పాలిన్ మడిచి లోపల పెట్టాను. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. బందులతో, రంగుతో కలిపి 15,200 ఖర్చు.

డిసెంబరు 10 ప్రాంతంలో రంగు మీద చిన్న చిన్న బొబ్బలు కనిపించాయి. లోపలి నీరు బయటికి రావాలని చూస్తుంటే రంగు అడ్డుపడింది. ధనుర్మాసపు మంచు దిగే పొద్దుల్లో తలుపు బిగుసుకుపోయేది, మధ్యాహ్నం ఎండకి వదులయ్యేది. 20వ తారీకు వచ్చేసరికి పలకల మధ్య వెలుగు కనపడింది. ఏడు అంగుళాల పలక పావు అంగుళం కుంచించుకుపోయింది. పొడవు ఏమాత్రం తగ్గలేదు, అంతా వెడల్పులోనే. భోగి నాటికి ఎడమ రెక్క మెలి తిరిగింది. పైన గడియ పడితే కింద మూడు వేళ్ల సందు. ఆ సందులో మా అమ్మాయి చెయ్యి పెట్టి "అమ్మా, ఇక్కణ్ణించి పిల్లి కూడా వచ్చేస్తుంది" అంది. పండగ మూడు రోజులూ మనసు మనసులో లేదు.

బందుల సంగతి కూడా చెప్పాలి. కొట్టులో స్టీలు బందులన్నారు, అయస్కాంతం పెట్టి చూపించారు, అంటుకోలేదు. "చూశారా, ప్యూర్" అన్నారు. మూడు వారాలకి వాటి మీద టీ మరకల్లాంటి తుప్పు వచ్చింది. అప్పుడు తెలిసింది, 202 రకం స్టీలు కూడా అయస్కాంతానికి అంటుకోదట. సముద్రం ఇంత దగ్గరున్న మాలాంటి ఊళ్లలో ఆ ఉప్పుగాలికి అది ఆగదు. అంతకంటే మెరుగైన రకం 304, ఆ అంకె బందు మీద గుద్ది ఉన్నది అడగాలి, బిల్లు మీద కూడా 304 అని రాయించుకోవాలి. రెండోసారి అలాగే చేశాను. ఒక్కో బందు 240 పడింది, రెక్కకి మూడు చొప్పున ఆరు.

ఇనుప రేకు తలుపు పెట్టించెయ్యమని చాలామంది చెప్పారు. మా వీధి చివర ఒకరిది అలాంటిదే ఉంది. ఏటా రెడ్ ఆక్సైడ్ కొట్టినా కింది అంచు జల్లెడలా అయింది. నాకు మళ్లీ చెక్కే కావాలనిపించింది. ఈసారి ఆరిన చెక్క.

ఆరిన చెక్క కొత్త కలప అడితిలో దొరుకుతుందన్న నమ్మకం నాకు కలగలేదు. మేస్త్రీగారే దారి చెప్పారు. "పాత మండువా ఇల్లు ఎక్కడన్నా విప్పుతుంటే ఆ టేకు తీసుకోండమ్మా. ఎనభయ్యేళ్లు చూరు కింద ఆరింది. ఇంక కొత్తగా ఆరేదేం ఉంటుంది?" జనవరి 20న పాలకొల్లు వైపు పాత కలప అమ్మేవాళ్ల దగ్గరికి ఇద్దరం వెళ్లాం. వర్షంలో ఆరుబయట పడేసినవి వద్దని, పాకలో ఉన్న దూలాల్లోంచి ఏరారు ఆయన. గోటితో గీరి, వాసన చూసి, సుత్తితో తట్టి విన్నారు. అయిదున్నర ఘనపుటడుగులు, అడుగు 2,300 లెక్కన 12,650. లెక్క ప్రకారం మాకు నాలుగడుగులు సరిపోతుంది. పాత కర్రలో బెజ్జాలూ, పగుళ్లూ తీసేస్తే నాలుగో వంతు పోతుందని ఎక్కువ తీసుకున్నాం. సరిగ్గా అంతే పోయింది. టాటా ఏస్‌లో చించినాడ వంతెన మీదుగా ఇంటికి చేరింది.

మిల్లువాళ్లు పాత కర్ర అనగానే మొహం అటు తిప్పేశారు. మేకు తగిలితే రంపం పళ్లు పోతాయి, పక్కనున్నవాళ్లకీ ప్రమాదమే. ముందు మేకులన్నీ తీసి తెస్తేనే కోస్తామన్నారు. బందుల దగ్గర నన్ను మోసం చేసిన అయస్కాంతం ఇక్కడ పనికొచ్చింది. నేనూ, మా అమ్మాయీ కలిసి అంగుళం అంగుళం దూలాల మీద దాన్ని నడిపించాం. అది టక్కున అతుక్కున్నచోట సుద్దముక్కతో గుర్తు. రెండు రోజుల్లో 41 మేకులు తీశాం. కొన్ని నాలుగు పలకల పాతకాలపు చేతి మేకులు. వాటిని అత్తగారు డబ్బాలో దాచారు. 23న కోత అయింది. లోపలి రంగు తేనెలా ఉంది, పొట్టు ఇప్పుడే నరికిన చెట్టంత ఘాటుగా వాసనేసింది.

పని జనవరి 27న మొదలైంది. 28, 29 అంతర్వేది తీర్థం, ఎవరూ పనిలోకి రారు, మేమూ కళ్యాణానికి వెళ్లాం. మళ్లీ 30 నుంచి ఫిబ్రవరి 6 దాకా ఏకధాటిగా. మొత్తం తొమ్మిది రోజులు.

ముందు కాళ్ల పని. ద్వారబంధం పై భాగం గట్టిగానే ఉంది కాబట్టి పుచ్చిన జానెడూ కోసేసి, తాపీమేస్త్రిని పిలిచి దాని కింద సిమెంటు దిమ్మలు పోయించాం. ఇప్పుడు కర్ర ఎక్కడా నేలని తాకదు. చెక్క గడప తీసేసి నల్లరాయి వేయించాను. బయటికి కొంచెం వాలుగా. చెంబుతో నీళ్లు పోస్తే లోపలికి ఒక్క బొట్టు రాకూడదని నేను పక్కనే నిలబడి మూడుసార్లు సరిచేయించాను. రాయీ పనీ కలిపి 3,600. కోసిన కాళ్ల కొసలకి జీడిపిక్కల నూనె పట్టించాం. మోరి వైపు జీడి పని చేసే తెలిసినవాళ్లు ఇచ్చారు, పడవలకి వాడేదే. చేతులకి ముందు కొబ్బరినూనె రాసుకుని, పైన గ్లౌజులు వేసుకోమన్నారు. ముంజేతి మీద ఒక చుక్క పడింది, పట్టించుకోలేదు. మర్నాటికి కాలినట్టు బొబ్బ. మచ్చ ఇంకా ఉంది. ఆ నూనె మీద మామూలు రంగు సరిగా పట్టదు, అందుకే కొసలకి తప్ప ఇంకెక్కడా రాయలేదు.

తలుపుల పని చూస్తూ కూర్చోవడం నాకు చాలా ఇష్టమైంది. గుమ్మం అయిదడుగుల వెడల్పు, ఆరున్నర ఎత్తు. ఒక్కో రెక్కకి నిలువు పలకలు, వెనక మూడు అడ్డపట్టీలు. పలకల అంచులు సగం మందం మెట్టులా కోసి, ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పెట్టారు. రెండింటి మధ్య రూపాయి బిళ్ల నిలబెట్టి, అంత సందు వదిలి బిగించారు. "వానాకాలం ఉబ్బడానికి చోటివ్వాలమ్మా, లేకపోతే ఒకదాన్నొకటి తోసుకుని విల్లులా వంగుతాయి." ప్రతి పలకకీ అడ్డపట్టీ దగ్గర ఒక్కటే స్క్రూ, అదీ నడిమధ్య. రెండు పక్కలా బిగిస్తే పలక కదలలేక చీలుతుందట. పాత టేకు ఎంత గట్టిదంటే ముందు బర్మాతో బెజ్జం వెయ్యకపోతే స్క్రూ తల తెగిపోయేది. స్క్రూలకి బట్టల సబ్బు రుద్దడం నా పని.

ఏటవాలు పట్టీ దగ్గర ఆయన ఆగి నన్ను పిలిచారు. దాని పాదం కింది బందు పక్కన ఉండాలి, తల పైన గడియ వైపు ఉండాలి. "బస్తా భుజాన ఎత్తుకున్నోడి కాలు ఎక్కడుంటుంది? నేల మీద కదా. ఈ రెక్కకి నేల ఆ కింది బందు. పట్టీ తిరగేసి కొడితే మొయ్యదు, వేలాడుతుంది." తర్వాత మా వీధిలో నాలుగిళ్ల తలుపులు చూశాను. నేలకి రాసుకుంటున్నవి రెండున్నాయి. ఆ రెండింటికీ పట్టీ తిరగేసే ఉంది.

రెండు రెక్కలూ కలిసేచోట సందులోంచి వాన కొట్టకుండా కుడి రెక్కకి బయటి వైపు రెండంగుళాల పట్టీ వేశారు. అది ఎడమ రెక్క మీదికి ఎక్కుతుంది. కాబట్టి ముందు కుడిది తెరవాలి, ఎడమది ముందు మూయాలి. మా అమ్మాయి మొదటి వారం రోజూ తప్పు చేసేది, ఇప్పుడు అలవాటైంది. అడుగున చూరులా బయటికి పొడుచుకొచ్చే పట్టీ ఒకటి, దాని కడుపున పొడవునా చిటికెనవేలు పట్టేంత గాడి. ఆ గాడి ఎందుకో నాకు ముందు అర్థం కాలేదు. చెంబుతో నీళ్లు పోసి కిందికి వంగి చూశాను. నీటిబొట్టు పట్టీ అడుగున పాకుతూ లోపలికి వచ్చి, గాడి అంచు దగ్గరికి రాగానే ఆగింది, వేలాడింది, రాలిపోయింది. ఇంకోటి వచ్చింది, అదీ అక్కడే రాలింది. ఎంతసేపు చూశానో తెలియదు.

ఒకసారి బిగించి, సరిచూసి, మళ్లీ ఊడదీసేశారు. రంగు తలుపు పడుకోబెట్టి ఉండగానే వెయ్యాలని ఈసారి నేనే పట్టుబట్టాను. ఆరు వైపులా. కర్ర కోసిన కొసలు స్పాంజిలా పీలుస్తాయి కాబట్టి అడుగు అంచుకీ, తల అంచుకీ టర్పెంటైన్ కలిపి పలచన చేసిన ప్రైమర్ మూడు పూతలు పెట్టాను, తాగినంత తాగనిచ్చి. ఆ పైన మామూలు ప్రైమర్ ఒకటి, ఎనామెల్ రెండు. పూతకీ పూతకీ మధ్య పూర్తిగా ఒక రోజు. పొద్దున్న మంచు ఆరే దాకా, అంటే తొమ్మిదిన్నర దాకా, బ్రష్షు పట్టలేదు. ఫిబ్రవరి 7 నుంచి 12 దాకా అదే పని. బందులు కూర్చునే గాళ్లలో కూడా రంగు వేశాను. బయట ఎవరికీ కనపడని చోట్లు అవే, నేను ఎక్కువసేపు గడిపిందీ అక్కడే.

13న నిలబెట్టాం. బయటికి తెరుచుకునేలా పెట్టాం, ఎదురుగాలి వేస్తే ద్వారబంధానికి ఇంకా ఒత్తుకుంటుంది. తెరిచినప్పుడు గాలికి కొట్టుకోకుండా గోడకి రెండు కొక్కేలు. వీటిని మర్చిపోవద్దు, రెండూ కలిపి 120 కూడా కాదు, లేకపోతే ఒక్క సుడిగాలికి బందులు ఊడిపోతాయి. పైన రేకు చూరుని కూడా అడుగున్నర ముందుకి పొడిగించాలి. డబ్బు సరిపోక ఆ పని మే నెలకి వాయిదా వేశాను.

రెండో విడత లెక్క 38,500. మొదటిదానితో కలిపి 53,700. ఈ మొత్తం మా ఆయనకి ఫోన్‌లో చెప్పినప్పుడు కాసేపు మాట్లాడలేదు. "తలుపులు చూపించు" అన్నారు. వీడియో కాల్‌లో మూసి, తెరిచి, మళ్లీ మూసి చూపించాను. "చప్పుడు బావుంది" అన్నారు.

శివరాత్రి మర్నాడు, 16న, మోటారు పైపు పెట్టి పరీక్ష చేశాం. లోపల గడప పొడవునా పాత పేపర్లు పరిచాను, పేపర్ మీద ఒక్క చుక్క పడ్డా కనిపిస్తుంది. మా అమ్మాయి తూర్పు నుంచి ఇరవై నిమిషాలు గట్టిగా కొట్టింది. నేను లోపల తలుపులు మూసుకుని టార్చి వేసుకుని కూర్చున్నాను. చెక్క మీద నీళ్ల మోత. ఆ తుఫాను రాత్రే గుర్తొచ్చి చేతులు చల్లబడ్డాయి. పక్కలా పొడి. మధ్య సందు పొడి. చివర్లో ఒక్కచోట పేపరు నల్లబడింది, కింది బోల్టు రాతిలోకి దిగే బెజ్జం దగ్గర. అది నిండి పొంగుతోంది. మేస్త్రీగారు ఆ బెజ్జాన్ని కిందికంటా తొలిచి, చిన్న పైపు ముక్క దించి, నీరు రాయి అడుగు ఇసుకలోకి పోయేలా చేశారు. మళ్లీ ఇరవై నిమిషాలు కొట్టాం. ఈసారి పేపర్లు ఎలా పరిచానో అలాగే తీసి మడిచాను.

ఇంకా వానాకాలం చూడలేదు ఈ తలుపులు. జూన్‌లో కొంచెం బిగుసుకుంటే చిత్రిక పట్టొద్దని, అక్టోబరు దాకా ఆగి చూడమని మేస్త్రీగారు గట్టిగా చెప్పారు. ఉబ్బినప్పుడు చెక్కేస్తే ఎండల్లో సందు పడుతుంది.

ఆ వేప తలుపులని పారెయ్యలేదు. స్క్రూలు తీసి పలకలన్నీ విప్పి, మధ్యమధ్య బద్దలు పెట్టి గాలి ఆడేలా షెడ్డు వెనక చూరు కింద పేర్చాం. పై పలక కొస మీద మేస్త్రీగారు సుద్దతో "9 నవంబరు" అని కోసిన తారీకు రాశారు. వచ్చే దీపావళి వెళ్లాక చూద్దామన్నారు, అత్తగారికి అరుగు మీద కూర్చోడానికి బల్ల చెయ్యొచ్చట. ఆవిడ మాత్రం రోజూ సాయంత్రం వెళ్లి ఆ పలకల మీద అరచెయ్యి పెట్టి చూసొస్తున్నారు.